పూస జారి నరాలు నొక్కుకుపోతే స్క్రూలు తప్పవా, ఒత్తిడి తీయిస్తే చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మగారికి 63 ఏళ్లు, ఉండేది గూడూరు. ఏడాదిగా కాస్త దూరం నడిస్తే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా బరువెక్కి, మొద్దుబారి, ఎక్కడో ఒకచోట కూర్చోవాల్సి వస్తోంది. కూర్చున్న కాసేపటికి సర్దుకుంటుంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య, నరాల దారి బాగా ఇరుకైందనీ, పై పూస కింది పూస మీద ముందుకు జారిందనీ, గ్రేడ్ 1 అనీ రాశారు. చెన్నైలో ఒక డాక్టరుగారు స్క్రూలు, రాడ్లు వేసి బిగించాలన్నారు. ఇంకొకరు అవేం అక్కర్లేదు, నరాల మీద ఒత్తిడి తీసేస్తే చాలన్నారు. ఊళ్లో బంధువులేమో వెన్నుపూస ఆపరేషనంటే మంచాన పడటమే అంటున్నారు. చేయించాలా, చేయిస్తే ఏది, ఎంతవరకు బాగవుతుంది అని అడిగారు.

నేను చెన్నైలో వెన్నెముక సర్జన్ని, మాది కూడా నెల్లూరు వైపే. అమ్మగారిలాంటి బాధతో వచ్చేవాళ్లు నా ఓపీలో రోజూ ఉంటారు. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

తొందరేం లేదు. కానీ రెండు మూడు నెలలు సరైన వైద్యం చేసినా నడక తగ్గిపోతూనే ఉంటే ఆపరేషన్ మంచి నిర్ణయమే. కాళ్ల బాధ ఎక్కువమందికి బాగా తగ్గుతుంది. నడుము నొప్పి గురించి అంత గట్టిగా మాట ఇవ్వలేం. స్క్రూలు కావాలా వద్దా అన్నది పడుకోబెట్టి తీసిన ఎమ్మారై ఒక్కటే తేల్చలేదు. నిలబెట్టి, ముందుకు వంచి, వెనక్కి వాల్చి తీసే ఎక్స్-రేలు కావాలి. మీరు రాసినదాంట్లో వాటి మాటే లేదు. తీయకపోతే మొదట అవి తీయించండి. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారని టెన్షన్ పడకండి. ఈ ఒక్క విషయంలో ప్రపంచంలోని వెన్ను సర్జన్లే రెండు వర్గాలు.

ఇప్పుడు మంచాన పడటం సంగతి. ఇంట్లో అందరి నోరూ మూయించేది ఇదే కాబట్టి దీంతోనే మొదలుపెడతాను. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే, అంటే ఎల్1-ఎల్2 దగ్గరే ఆగిపోతుంది. దాని కింద ఉండేది విడివిడి నరాల గుత్తి. అమ్మగారి సమస్య అంతకు చాలా కింద. అక్కడ పనిచేసే సర్జన్ వెన్నుపామును తాకే అవకాశమే లేదు. ఏదో ఒక నరం దెబ్బతిని పాదం పైకి లేవకపోవడం అరుదుగా జరుగుతుంది, దాన్ని దాచను. రెండు కాళ్లూ పడిపోయే పరిస్థితి రావాలంటే, ఆపరేషన్ తర్వాత లోపల రక్తం గూడుకట్టి నరాలన్నిటినీ నొక్కేసి, దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం లాంటిది జరగాలి. అందుకే మొదటి రాత్రి నర్సమ్మ గంటకో రెండు గంటలకో ఒకసారి లేపి ‘బొటనవేలు పైకెత్తమ్మా, ఇప్పుడు పాదం కిందికి నొక్కమ్మా’ అంటుంటుంది. నిద్ర పాడుచేస్తున్నారని విసుక్కోవద్దని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

బంధువుల మాట గాలికి పుట్టింది కాదు. 30, 40 ఏళ్ల కింద మన వైపు వెన్ను ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికే కాళ్లు పడిపోయినవాళ్లు. తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికులు, వెన్ను క్షయ ముదిరిపోయినవాళ్లు. ఆపరేషన్ అయినా వాళ్లు లేవలేదు. ఊరికి గుర్తుండిపోయింది ఆపరేషనే, అంతకుముందు జరిగింది కాదు.

అమ్మగారిది అసలు నరాల ఇరుకేనా అన్నది ఎమ్మారై కవరు తెరవకముందే చాలావరకు తెలుస్తుంది. మన వాళ్లను నేను అడిగే ప్రశ్న, ‘తిరుమల నడిచి వెళ్లారా?’ నరాల దారి ఇరుకైనవాళ్లు మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమంటారు. మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా అదే అంటారు కాబట్టి, దిగేటప్పుడు మోకాలు నొప్పా, పిక్కలు మొద్దుబారడమా అని విడమరిచి అడగాలి. ఎక్కేటప్పుడు మనిషి ముందుకు వంగుతాడు, వంగితే నరాల దారి కాస్త వెడల్పవుతుంది. దిగేటప్పుడు నడుము వెనక్కి వాలుతుంది, దారి ఇంకా మూసుకుపోతుంది. వీళ్లే సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలి గంటసేపు తిరగగలరు, సైకిలు తొక్కగలరు. వెల్లకిలా కాళ్లు చాపి పడుకోలేరు, పక్కకు తిరిగి ముడుచుకుంటే నిద్రపడుతుంది. అమ్మగారికి ఇవి కలుస్తున్నాయేమో చూడండి.

లోపల జరిగేది ఇది. వయసుతో పూసల మధ్య దిండులా ఉండే డిస్కు ఎత్తు తగ్గుతుంది. వెనకవైపు జాయింట్లు అరిగి, ఉబ్బుతాయి. పూసకూ పూసకూ మధ్య ఉండే పసుపురంగు లిగమెంట్ మందమై, మడతపడి లోపలికి తోసుకొస్తుంది. జాయింట్ల పట్టు సడలినచోట పై పూస ముందుకు జారుతుంది. ఈ రకం జారడం 50 దాటిన ఆడవాళ్లలోనే చాలా ఎక్కువ, అదీ ఎక్కువగా ఎల్4-ఎల్5 దగ్గరే. అంటే అమ్మగారిది పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినంత మామూలు కేసు. గ్రేడ్ 1 అంటే కింది పూస ముందు-వెనక పొడవులో పావు వంతు లోపే జారిందని. పేరు వినగానే భయపడాల్సింది కాదు.

అయినా ఆపరేషన్ మాటకు ముందు రెండు అనుమానాలు తీరాలి. ఒకటి రక్తనాళాలు. షుగర్ ఉన్నవాళ్లలో, ఏళ్ల తరబడి పొగ తాగినవాళ్లలో కాళ్లకు రక్తం తగ్గినా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. తేడా ఏమిటంటే, వాళ్లకు నిలబడితే చాలు తగ్గిపోతుంది, కూర్చోవాల్సిన పనిలేదు. పాదం మీద నాడి పట్టి చూస్తే అరనిమిషంలో అనుమానం చాలావరకు తీరుతుంది. ఇప్పటిదాకా ఎవరూ అమ్మగారి చెప్పులు విప్పించి పాదం చూడకపోయి ఉంటే ఆ సంగతి అడగండి.

రెండోది మెడ. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పిపోయేది ఇదే. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో ఒక పెద్దాయన వచ్చారు. నడుము ఎమ్మారైలో ఇరుకు స్పష్టంగా ఉంది, ఆపరేషన్‌కు సిద్ధపడే వచ్చారు. కానీ ఆయన నడక నాకు నచ్చలేదు. కాళ్లు ఎడంగా పెట్టి, నేల చూసుకుంటూ, పడతానేమో అన్నట్టు వేస్తున్నారు అడుగులు. చొక్కా బొత్తాలు విప్పి మళ్లీ పెట్టమన్నాను. మూడో బొత్తానికే వేళ్లు తడబడ్డాయి. ‘అన్నం కలిపి ముద్ద చేస్తుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతోంది, వయసు మీద పడిందనుకుంటున్నాం’ అని పక్కనున్న కోడలు చెప్పింది. మెడ ఎమ్మారై తీయిస్తే అక్కడ వెన్నుపామే నలిగి ఉంది. ముందు మెడ ఆపరేషన్ చేశాం. నడక ఇంకా చెడిపోకుండా ఆగింది, చేతులు కొంత మెరుగయ్యాయి, పూర్తిగా మాత్రం కాలేదు. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతుంటే వేచి చూడటం తప్పు, అక్కడ పోయిన బలం అంతా వెనక్కి రాదు. అమ్మగారు జాకెట్ హుక్కులు పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, ముద్ద కలపడం మునుపటిలాగే చేసుకోగలుగుతున్నారా? అలా చేసుకుంటుంటే ఈ పేరా మర్చిపోండి.

ఇంకో హెచ్చరిక, వీలైనంత క్లుప్తంగా. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తొడల మధ్య స్పర్శ పోవడం, పాదం హఠాత్తుగా వాలిపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి, మరుసటి సోమవారం కాదు. రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో మొదట అనుమానించాల్సింది వెన్ను క్షయ. దానికి మందులే అసలు వైద్యం. ఈ సంగతి తేల్చినవాటిలో మన మద్రాసులోనే 1970ల్లో మొదలైన పరీక్ష ఒకటి. ఇప్పుడు చెట్‌పెట్‌లో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉన్న కేంద్రం వాళ్లు, మందులు వాడుతూ నడుస్తూ తిరిగినవాళ్లనూ, మందులతోపాటు పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ ఏళ్ల తరబడి పోల్చి చూశారు. మందులవాళ్లు ఏమీ తీసిపోలేదు. నరాలు దెబ్బతిన్నప్పుడు, వెన్ను వంగిపోతున్నప్పుడు ఆపరేషన్ అవసరం పడుతుంది, అది వేరే కథ.

ఇక ‘సరైన వైద్యం’ అన్నాను కదా, అదేమిటో చెప్పాలి. ఎందుకంటే ‘అన్నీ వాడాం డాక్టర్’ అని వచ్చేవాళ్ల సంచిలో నాలుగు రకాల నరాల బిళ్లలు, ఒక బెల్టు, మూడు నూనె సీసాలు ఉంటాయి. వ్యాయామం చేసినవాళ్లు కనబడరు. నరాల ఇరుకు ఒక మోస్తరుగా ఉన్నవాళ్లలో మూడో వంతు నుంచి సగం మంది దాకా ఆపరేషన్ లేకుండానే ఉన్నచోట ఉంటారు, లేదా మెరుగవుతారు. హఠాత్తుగా దిగజారిపోవడం అరుదు. కాబట్టి ప్రయత్నించడానికి మీకు సమయం ఉంది. ఫిజియో దగ్గర ముందుకు వంగే తరహా వ్యాయామాలు, పొట్ట, పిరుదుల కండరాలు బలపడేవి నేర్చుకోవాలి. ఇంట్లో ఉన్నచోటే తొక్కే సైకిలు వీళ్లకు బాగా పడుతుంది, వంగి కూర్చుంటారు కాబట్టి. నడక మానకూడదు, బాధ మొదలయ్యేలోపే ఆగి, కూర్చుని, మళ్లీ నడవాలి. రోజుల తరబడి పడక వద్దు, కండ కరిగిపోతుంది.

ప్రీగాబాలిన్ బిళ్లలు మన దగ్గర నడుము అనగానే రాసేస్తారు. డిస్కు వల్ల కాలు లాగే సయాటికా మీద 2017లో ఆస్ట్రేలియాలో దీన్ని ఉత్తుత్తి బిళ్లతో పోల్చి చూస్తే లాభం కనబడలేదు, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువైంది. అమ్మగారి వయసులో కళ్లు తిరిగి బాత్రూంలో పడితే తుంటి విరుగుతుంది. వాడుతున్నా గుణం లేకపోతే డాక్టరుకు చెప్పి మెల్లగా తగ్గించి మాన్పించండి, ఒక్కసారిగా ఆపకండి. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి కూడా ఆశలు పెంచుకోవద్దు. 2014లో అమెరికాలో నరాల ఇరుకు ఉన్న 400 మందిలో సగం మందికి స్టెరాయిడ్ కలిపిన మత్తుమందు, సగం మందికి వట్టి మత్తుమందు ఇచ్చి చూశారు. ఆరు వారాలకు చెప్పుకోదగ్గ తేడా లేదు. పెళ్లి ఉంది, నాలుగు వారాలు గట్టెక్కాలి అన్నవాళ్లకు నేనూ వేస్తాను. రోగం మారుతుందని చెప్పి మాత్రం వేయను.

ఇదంతా చేశాక కూడా అమ్మగారు వీధి చివర కొట్టుదాకా వెళ్లలేకపోతే అప్పుడు ఆపరేషన్. నేను ఎమ్మారైలో ఇరుకు ఎన్ని మిల్లీమీటర్లు అని చూసి నిర్ణయం చెప్పను. ఇరుకు ఘోరంగా ఉండి హాయిగా తిరిగేవాళ్లున్నారు. 60 దాటిన ఎవరి నడుము స్కాన్ చేసినా ఏదో ఒక లోపం రాస్తారు. మనిషి జీవితం ఎంత కుంచించుకుపోయింది, ఆ బాధ స్కాన్‌లో కనిపించేచోటుతో కలుస్తోందా, ఈ రెండే.

ఇప్పుడు అసలు చిక్కు, స్క్రూలు.

ఒత్తిడి తీయడం అంటే డీకంప్రెషన్. వెనకవైపు చిన్న కోత, మైక్రోస్కోపులో చూస్తూ ఎముక అంచు కొంచెం డ్రిల్లుతో తొలిచి, మందమైన ఆ పసుపు లిగమెంట్‌ను ముక్కలు ముక్కలుగా తీస్తాం. చివరి ముక్క వదిలేదాకా నరాల సంచి నొక్కుకుపోయి, చప్పిడిగా, కదలిక లేకుండా ఉంటుంది. ముక్క రాగానే పైకి ఉబ్బుతుంది, గుండె కొట్టుకునే లయలో అదరడం మొదలుపెడుతుంది. అది చూశాక పని అయినట్టు. ఫ్యూజన్ అంటే దీనికి తోడు పై పూసకు రెండు, కింది పూసకు రెండు స్క్రూలు వేసి, రాడ్లతో కలిపి, ఎముక పొడి పెట్టి రెండు పూసలూ ఒకటిగా అతుక్కునేలా చేయడం. స్క్రూలు శాశ్వతంగా మోసేవి కావు, ఎముక అతుక్కునేదాకా కదలకుండా పట్టి ఉంచడమే వాటి పని.

పూస జారింది కాబట్టి బిగించాల్సిందే అని చాలాకాలం అందరం నమ్మాం. 2016లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వేసింది. స్వీడన్‌లో 247 మందిని, జారినవాళ్లనూ జారనివాళ్లనూ కలిపి, రెండు గుంపులుగా చేసి చూస్తే రెండేళ్లకూ ఐదేళ్లకూ బిగించినవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు. రక్తం ఎక్కువ పోయింది, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉన్నారు, అంతే. అమెరికాలో 66 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో మాత్రం బిగించినవాళ్లు కొద్దిగా మెరుగ్గా ఉన్నారు, మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు తక్కువ. ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకుని వాదించుకున్నాం. తర్వాత 2021లో నార్వే వాళ్లు అచ్చంగా అమ్మగారిలాంటివాళ్లనే, అంటే ఒకేచోట పూస జారి దారి ఇరుకైన 267 మందిని తీసుకున్నారు. రెండేళ్లకు రోజువారీ పనుల్లో ఇబ్బంది కనీసం 30 శాతం తగ్గినవాళ్లు, ఒత్తిడి మాత్రమే తీసినవాళ్లలో నూటికి 71 మంది, బిగించినవాళ్లలో 73 మంది. మళ్లీ ఆపరేషన్ అయినవాళ్లు మొదటి గుంపులో నూటికి 12, 13 మంది, రెండో గుంపులో 9 మంది.

ఇవి చదివి నేను చేసేది ఇది. వంగినప్పుడూ వాలినప్పుడూ తీసిన ఎక్స్-రేల్లో పూస స్థానం పెద్దగా మారకపోతే, కాళ్ల బాధే ప్రధానమైతే, ఒత్తిడి తీసి ఊరుకుంటాను. కదలిక మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటితే, ఎమ్మారైలో వెనక జాయింట్లలో నీరు తెల్లగా మెరుస్తుంటే, నిలబడితే నడుము విరిగిపోతున్నంత నొప్పి ఉంటే, లేదా పూసల పక్కన కిటికీలాంటి సందులోంచి నరం బయటికి వచ్చేచోట నలిగి, దాన్ని విడిపించాలంటే జాయింటే తీసేయాల్సి వస్తే, స్క్రూలు వేస్తాను. మన దగ్గర స్క్రూలు కాస్త ఎక్కువే వేస్తున్నారని నా అభిప్రాయం. అందరివీ డబ్బు లెక్కలే అనను. ఊరినుంచి రైలెక్కి వచ్చిన మనిషి రెండేళ్ల తర్వాత మళ్లీ ఆపరేషన్‌కు రాలేరు, ఒకేసారి గట్టిగా చేసేద్దాం అని నిజాయితీగా అనుకునేవాళ్లూ ఉన్నారు. దానికీ ఖరీదుంది. బిగించిన పూసల పైదీ కిందిదీ ఎక్కువ భారం మోస్తాయి, కొందరిలో కొన్నేళ్లకు అక్కడ కొత్త ఇరుకు మొదలవుతుంది.

స్క్రూలు తప్పవంటే ముందు ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. 63 ఏళ్ల ఆడవాళ్లలో ఎముక గుల్లబారి ఉండటం మామూలు. గుల్ల ఎముకలో స్క్రూ పట్టదు, ఊగి వదులవుతుంది. ఎముక బలానికి మందు ముందే మొదలుపెడితే పని నిలుస్తుంది. ఈ పరీక్ష ఊసే లేకుండా స్క్రూల ఎస్టిమేట్ చేతిలో పెడితే ఎందుకని అడగండి.

ఎంతవరకు బాగవుతుందన్న ప్రశ్నకు వస్తాను. పైన చెప్పిన నార్వే లెక్కనే ఇంకోలా చదవండి. ఏ పద్ధతైనా నూటికి పాతికమందికి పైగా ఆశించినంత బాగుపడలేదు. వాళ్లెవరో ముందే పసిగట్టడంలోనే సర్జన్ అనుభవమంతా ఉంటుంది. నా దగ్గర బాగుపడ్డవాళ్లలో ఎక్కువమంది ‘కొంచెం నడిస్తే కాళ్లు మొరాయిస్తున్నాయి, కూర్చుంటే హాయి’ అన్నవాళ్లు. చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర బట్టల కొట్టు నడిపే ఒక తెలుగావిడ కొట్టునుంచి బస్టాపుకు వెళ్లేలోపు మూడుచోట్ల కూర్చునేది. ఒత్తిడి మాత్రమే తీశాం. మర్నాడు వార్డు వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి ఆగకుండా నడిచి, కుట్టు నొప్పెడుతోందని తిట్టుకుంది కానీ కాళ్ల మాట ఎత్తలేదు. పాదాల కింద దూది ఉన్నట్టు మొద్దు మాత్రం నెలల తరబడి ఉండిపోయింది. అదీ మామూలే. నొప్పి ముందు పోతుంది, బలం మెల్లగా వస్తుంది, తిమ్మిరి అన్నిటికంటే చివర, ఒక్కోసారి కొంత మిగిలిపోతుంది.

బాగుపడనివాళ్లు ఎక్కువగా ‘కాళ్లు బాగానే ఉన్నాయి, నడుమే’ అని వచ్చినవాళ్లు. బెంగళూరు నుంచి ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చారు. ఆఫీసులో కూర్చుంటే నడుము నొప్పి, స్కాన్‌లో రెండు డిస్కులు నల్లబడ్డాయి, ఎక్కడో స్క్రూలు వేశారు. ఆపరేషన్ చూడముచ్చటగా ఉంది, ఒక్క స్క్రూ పక్కకు పోలేదు, ఎముక కూడా అతుక్కుంది. నొప్పి అలాగే ఉంది. ఆయనకు ఇంకో ఆపరేషన్ చెప్తానేమోనని వచ్చారు, నేను ఫిజియోకు, నొప్పి క్లినిక్‌కు పంపాను. అందుకే డాక్టరును మీరు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ‘అమ్మకున్న బాధల్లో ఈ ఆపరేషన్‌తో ఏది పోతుంది, ఏది పోదు?’ దీనికి ‘అన్నీ పోతాయి’ అన్న జవాబు వస్తే ఇంకొకరిని కలవండి. న్యూరో సర్జనా, ఆర్థో సర్జనా అన్నది పట్టించుకోకండి, ఇద్దరూ చేస్తారు. వెన్నే ప్రధానంగా చేసేవాళ్లా అని చూడండి.

ఇబ్బందులు కూడా తెలిసి ఉండాలి. నరాల సంచి పొర చిరిగి నీరు కారడం నూటికి 5 నుంచి 10 మందిలో జరుగుతుంది. అక్కడే కుట్టేస్తారు, ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుకోవాలి. చీము పట్టడం నూటికి ఒకరిద్దరిలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇంకా ఎక్కువ. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష 8 దాటి ఉంటే నేను తేదీ ఇవ్వను, ముందు అది దించుకు రమ్మంటాను. గుండె కోసం రక్తం పలచబడే బిళ్లలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, మొదటి రోజే చెప్పండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో, అసలు ఆపవచ్చో గుండె డాక్టరును కూడా అడిగి చెప్తారు.

ఆపరేషన్ రోజు సాయంత్రమో మర్నాడో నడిపిస్తారు. ఒత్తిడి మాత్రమే తీస్తే రెండు మూడు రోజుల్లో, స్క్రూలు వేస్తే నాలుగైదు రోజుల్లో పంపిస్తారు. కుట్లు రెండు వారాలకు. ఇంటి విషయంలో అందరూ మర్చిపోయేది బాత్రూమ్. గూడూరు ఇంట్లో నేల మీది మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ ముందే కొని పెట్టండి. స్క్రూలు వేసినవాళ్లు మూడు నెలలు నేల మీద కూర్చోవడం, వంగి బిందె ఎత్తడం, ముగ్గు వేయడం మానాలి. మీ ఫ్లాట్ పెరుంగుడిలో లిఫ్ట్ లేని మూడో అంతస్తు అన్నారు. మెట్లు ఎక్కడం ఫర్వాలేదు, రెండో వారం నుంచి పట్టుకుని ఎక్కమంటాను. మొదటి పరీక్ష అయ్యేదాకా చెన్నైలోనే ఉంచుకోండి. ఆ తర్వాత గూడూరుకు రైలే మేలు, కారులో మూడు గంటలు కదలకుండా కూర్చోవడం కంటే పెట్టెలో లేచి అటూ ఇటూ నడవొచ్చు.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను. బిల్లులో పెద్ద తేడా తెచ్చేది స్క్రూలే, ఎస్టిమేట్‌లో వాటిని విడిగా రాయించుకోండి. ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు చెన్నైలో కొన్ని ఆస్పత్రుల్లో కొన్ని ఆపరేషన్లకు చెల్లుతుంది. మీరు అనుకున్న ఆస్పత్రి, మీరు అనుకున్న ఆపరేషన్ రెండూ జాబితాలో ఉన్నాయో లేదో అడ్మిషన్‌కు ముందే ఆ పథకం సిబ్బంది దగ్గర తేల్చుకోండి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆస్పత్రిలోనూ వెన్ను ఆపరేషన్లు చేస్తారు. వరసలో వేచి ఉండాలి, కానీ అమ్మగారిది వేచి ఉండగలిగిన రోగమే.

ఎక్స్-రేలు తీయించాక, వంగినప్పటికీ వాలినప్పటికీ పూస ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో రిపోర్టులో రాస్తారు. రాయకపోతే కొలిచి రాయమనండి. ఆ అంకె, అమ్మగారు ఆగకుండా ఎంతసేపు నడవగలుగుతున్నారో, బాధలో కాళ్లది ఎంత, నడుముది ఎంత, ఈ మూడూ ఇక్కడ కింద రాయండి, చూసి చెప్తాను. ఫిల్ముల ఫొటోలు మాత్రం పెట్టకండి, వాటి మీద అమ్మగారి పేరు, వయసు, ఆస్పత్రి నంబరు అన్నీ ఉంటాయి.